జేబులో పొట్లానికి ఉన్న విలువ ఫోనుకి లేదా?

మీ జేబులో రెండు వస్తువులున్నాయనుకుందాం. ఒకటి గంజాయి పొట్లం, రెండోది ఫోను. (ఊరికే అనుకోవడానికే లెండి, కంగారు పడకండి.) గంజాయి ఉందన్న అనుమానంతో పోలీసులు మిమ్మల్ని రోడ్డు మీద ఆపారు. మీ ఒంటిమీద సోదా చెయ్యాలంటే ముందుగా వాళ్ళు మీకో మాట చెప్పి తీరాలి: "గెజిటెడ్ అధికారి ముందుగానీ మెజిస్ట్రేటు ముందుగానీ సోదా చేయించుకునే హక్కు మీకుంది" అని. ఆ మాట చెప్పకుండా జేబులో చెయ్యి పెట్టి పొట్లం బయటికి తీశారనుకోండి, కేసంతా ఆ పొట్లం మీదే నడిచి మీకు శిక్ష పడిందనుకోండి, ఎన్నేళ్ళ తర్వాతైనా సరే అప్పీల్లో ఆ శిక్ష నిలవదు.

మరి అదే జేబులో ఉన్న ఫోను? అందులో మీ బ్యాంకు ఖాతా ఉంది, మీ ఆవిడతో పోట్లాడిన మెసేజీలున్నాయి, డాక్టరు రిపోర్టులున్నాయి, ఆఫీసు మెయిళ్ళున్నాయి, పదేళ్ళ ఫోటోలున్నాయి. దాన్ని తీసుకునే ముందు ఫలానా మాట చెప్పి తీరాలి, చెప్పకపోతే అందులో దొరికింది సాక్ష్యంగా చెల్లదు అనే చట్టం ఈ దేశంలో లేదు. పొట్లానికి ఉన్న పాటి రక్షణ ఫోనుకి లేదన్నమాట!

ఇదేదో ఊహించి రాస్తున్నది కాదు. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సాప్ తెరిచి 'గంజాయి' లాంటి మాటలు వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఎవర్నీ బలవంతం చెయ్యట్లేదు, జనమే సహకరిస్తున్నారు అని పోలీసుల వివరణ. లాఠీ పట్టుకున్న మనిషి చెయ్యి చాపి "ఫోనివ్వు" అంటే ఇవ్వడాన్ని సహకారం అనొచ్చో లేదో మీరే చెప్పండి. నాకైతే ఆ వార్తలో ఇంకో తమాషా కనిపించింది. ఆ కుర్రాడి జేబులో గంజాయి వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ఆ కుర్రాడి ఫోనులో 'గంజాయి' అనే మాట వెతకడానికి ఏ పద్ధతీ లేదు.

నేను లాయర్ని కాను. కానీ సాఫ్టువేరు వాళ్ళం కాబట్టి ఈ విషయంలో కొన్ని సంగతులు మనకి వకీళ్ళకంటే తొందరగా అర్థమవుతాయని నా నమ్మకం. అందుకే ఈ టపా.

అసలు ప్రశ్న చాలా చిన్నది. పోలీసులు చట్టవిరుద్ధంగా సోదా చేశారు. కానీ దొరికింది నిజమైన సాక్ష్యమే. కోర్టు దాన్ని చూడాలా, పక్కన పడెయ్యాలా?

అమెరికా వాళ్ళు దీనికి చెప్పిన జవాబు మనలో అక్కడున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. 1957 మేలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో డాల్రీ మ్యాప్ అనే ఆవిడ ఇంటికి పోలీసులొచ్చారు. ఒక బాంబు కేసులో కావలసినవాడు అక్కడ దాక్కున్నాడని వాళ్ళ అనుమానం. ఆవిడ లాయరుకి ఫోను చేసి కనుక్కుని, వారంటు లేనిదే రానివ్వనంది. కొన్ని గంటల తర్వాత ఇంకొంతమందితో వచ్చి తలుపు బలవంతంగా తెరిచారు. ఒక కాయితం చూపించి ఇదే వారంటు అన్నారు. ఆవిడ దాన్ని లాక్కుని బట్టల్లో దోపుకుంది, వాళ్ళు పెనుగులాడి మళ్ళీ లాక్కున్నారు. ఇల్లంతా వెతికితే అశ్లీల పుస్తకాలు, బొమ్మలు దొరికాయి. వాటి మీద కేసు పెట్టారు. ఆ వారంటు అనబడే కాయితాన్ని కోర్టులో ఎప్పుడూ చూపించలేదు. శిక్ష పడింది, ఒహాయో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. 1961 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు కొట్టేసింది. ఫెడరల్ కోర్టుల్లో 1914 నుండే ఉన్న సూత్రాన్ని రాష్ట్రాలకి కూడా వర్తింపజేస్తూ, అక్రమ సోదాలో దొరికింది సాక్ష్యంగా పనికిరాదు పొమ్మంది.

ఈ సూత్రానికి విమర్శలు లేకపోలేదు. కానిస్టేబులు తప్పు చేస్తే దొంగ తప్పించుకోవాలా అని కార్డోజో అనే పేరుమోసిన జడ్జి 1926లోనే ఎత్తిపొడిచాడు. తర్వాత వాళ్ళ కోర్టులే దీనికి చాలా కిటికీలు తెరిచాయి. పోలీసులు వారంటు సరైనదేనని నిజాయితీగా నమ్మి సోదా చేస్తే చెల్లుతుందని 1984లో అన్నారు. అయినా మూలసూత్రం అలాగే ఉంది. 2014లో రైలీ కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా, అరెస్టయినవాడి జేబులో ఫోను దొరికినా సరే, అందులో ఏముందో చూడాలంటే వారంటు తెచ్చుకోండి అన్నారు.

మరి మనం? మనకి బ్రిటిష్ వాళ్ళ పద్ధతి వారసత్వంగా వచ్చింది. అదేంటో తెలియాలంటే కెన్యా వెళ్ళాలి. 1950ల్లో అక్కడ ఎమర్జెన్సీ. కురుమ అనే మనిషిని ఆపి వెతికితే రెండు తూటాలు దొరికాయన్నారు. అలా వెతికే అధికారం ఒక స్థాయికి పైనున్న పోలీసు అధికారులకే ఉంది, ఇతన్ని వెతికినవాళ్ళు ఆ స్థాయి వాళ్ళు కారు. అయినా అతనికి ఉరిశిక్ష పడింది. అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. వాళ్ళు చెప్పిందేమిటంటే, సాక్ష్యం ఎలా వచ్చిందన్నది మాకు అనవసరం, కేసుకి సంబంధించిందా కాదా అన్నదే ముఖ్యం అని. అప్పీలు కొట్టేశారు.

ఈ కెన్యా తీర్పుని మన సుప్రీం కోర్టు కూడా ఆధారంగా తీసుకుంది. 1973 డిసెంబరులో పూరణ్‌మల్ కేసులో (ఆదాయపు పన్ను సోదాల కేసు అది) అయిదుగురు జడ్జీల ధర్మాసనం, సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం వాడుకోవచ్చు, దాన్ని పక్కన పెట్టమని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు అని తేల్చేసింది. అంతకుముందు 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది జడ్జీలు, అమెరికా నాలుగో సవరణ లాంటిదాన్ని మన రాజ్యాంగ కర్తలు పెట్టలేదు కదా అన్నారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఎం.పి. శర్మలో దానికి వ్యతిరేకంగా ఉన్న మాటని తీసి పక్కన పెట్టారు. మనమందరం పండగ చేసుకున్నాం. కానీ పూరణ్‌మల్ తీర్పు మాత్రం చెక్కు చెదరలేదు. అంటే మీకు హక్కు ఉంది, కానీ ఆ హక్కుని తొక్కి సంపాదించిన సాక్ష్యానికీ విలువ ఉంది. ఎక్సెప్షన్ త్రో చేస్తాం, కానీ క్యాచ్ చేసి మింగేస్తాం అన్నట్టుంది కదూ!

ఇప్పుడు కొన్ని హైకోర్టులు దారి మారుస్తున్నాయి. 2019లో బాంబే హైకోర్టు, చట్టం చెప్పిన కారణాలు లేకుండా చేసిన ఫోన్ ట్యాపింగ్ చెల్లదని, ఆ రికార్డింగులు నాశనం చెయ్యమని చెప్పింది. అలాగని గాలి ఒకే వైపు వీస్తోందనీ అనలేం. 2025 జులైలో సుప్రీం కోర్టు ఒక విడాకుల కేసులో, భార్యకి తెలియకుండా భర్త రికార్డు చేసిన సంభాషణని సాక్ష్యంగా తీసుకోవచ్చంది.

సరే, మరి పొట్లం సంగతేంటి? అక్కడికే వస్తున్నా. మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. శిక్షలు చాలా కఠినం. కొన్నిటికి కనీసం పదేళ్ళు. పొట్లం దొరికితే చాలు, అది నాది కాదని నిరూపించుకునే బరువు చాలావరకు ముద్దాయి మీదే పడుతుంది. ఇంత కఠినమైన చట్టంలో, ఎవరైనా పొట్లం జేబులో పెట్టి "దొరికింది" అంటే గతేమిటి? అందుకని 50వ సెక్షను పెట్టారు. అదే నేను మొదట్లో చెప్పిన మాట. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీలు ఒక గొప్ప పని చేశారు. ఈ సెక్షను పాటించకుండా ఒంటిమీద సోదా చేసి పట్టుకున్న సరుకుని, అది అతని దగ్గరే ఉందనడానికి సాక్ష్యంగా వాడడానికి వీల్లేదన్నారు. పూరణ్‌మల్ ఉందిగా అని ప్రభుత్వం వాదిస్తే, అది ఇక్కడికి వర్తించదు పొమ్మన్నారు. 2010లో జడేజా కేసులో ఇంకో అయిదుగురు, ఈ హక్కు గురించి 'సుమారుగా' చెప్పడం చాలదు, ఖచ్చితంగా చెప్పాలి అని బిగించారు.

దీంట్లోనూ కంతలున్నాయి. 2005లో సుప్రీం కోర్టు ఒళ్ళు వేరు, సంచీ వేరు అంది. అంటే పొట్లం జేబులో ఉంటే 50వ సెక్షను వర్తిస్తుంది, భుజానికున్న బ్యాగులో ఉంటే వర్తించదు. అది పోన్లెండి. నేను చెప్పదల్చుకున్నది ఒకటే: మన దేశంలోనే, మన సుప్రీం కోర్టే, ఒక నియమం పెట్టి, ఆ నియమం తప్పితే ఏమవుతుందో కూడా చెప్పింది. ఆకాశం విరిగి పడలేదు. గంజాయి కేసుల్లో శిక్షలు పడటమూ ఆగలేదు.

మా బావ జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తాడు. ఈ విషయం మీద ఒకసారి అతన్ని పట్టుకున్నాను.

"బావా, సోదా చేసేటప్పుడు ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి కదా, మరి వాళ్ళు చూస్తుంటే మోసం ఎలా జరుగుతుంది?" అన్నాను.

"ఒరేయ్, ఆ మధ్యవర్తుల నివేదికలో సంతకాలుంటాయిరా. సంతకం ఎక్కడ పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడిగేదాకా అందరూ అక్కడే ఉన్నట్టే" అని నవ్వాడు. "అడిగితే సగంమంది స్టేషన్లో పెట్టామంటారు. కానీ ఆ అడగటం ట్రయల్లో అడగాలి. అక్కడ లాయరు నిద్రపోతే పైకోర్టులో నేనేం చెయ్యను?"

ఈ చివరి మాట నన్ను పట్టుకుంది. వెతికితే దీనికి సరిగ్గా సరిపోయే కేసు దొరికింది. కానీ దానికి ముందు 65బి కథ కొంచెం చెప్పాలి.

మన సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోసం 2000లో 65బి అనే సెక్షను చేర్చారు. కంప్యూటర్లోంచి తీసిన కాపీ ఇస్తే, ఆ కంప్యూటరు బాధ్యత చూసే మనిషి నుండి సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. 2005లో పార్లమెంటు మీద దాడి కేసులో సుప్రీం కోర్టు, కాల్ రికార్డులకి సర్టిఫికెట్టు లేకపోయినా పర్లేదంది. 2014లో అన్వర్ కేసులో (కేరళ ఎన్నికల కేసు, సీడీల గొడవ) ముగ్గురు జడ్జీలు, కాదు సర్టిఫికెట్టు ఉండాల్సిందే అన్నారు. 2018లో ఇద్దరు జడ్జీలు, న్యాయం కోసం సడలించొచ్చు అన్నారు. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్ళీ ముగ్గురు, అన్వర్ చెప్పిందే రైటు, అసలు పరికరాన్నే కోర్టుకి తెస్తే తప్ప సర్టిఫికెట్టు తప్పనిసరి అని తేల్చారు. పదిహేనేళ్ళలో ఒకే సెక్షనుకి నాలుగు వెర్షన్లు! రిలీజ్ నోట్సు లేకుండా ఏపీఐ మార్చినా మన క్లయింట్లు ఇంతకంటే తక్కువే తిడతారు.

ఈ గందరగోళం మధ్యలో 2017లో వచ్చింది సోనూ కేసు. హర్యానాలో అపహరణ, హత్య. కాల్ రికార్డులు కీలకం. వాటికి సర్టిఫికెట్టు లేదు. ట్రయల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సుప్రీం కోర్టుకొచ్చాక, అన్వర్ తీర్పు ప్రకారం ఈ రికార్డులు చెల్లవు కదా అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరం ట్రయల్లోనే చెప్పి ఉంటే ప్రాసిక్యూషన్ వాళ్ళు సర్టిఫికెట్టు తెచ్చుకునేవాళ్ళు, అప్పుడు నోరు మెదపకుండా అప్పీల్లో మొదటిసారి లేవనెత్తడం కుదరదు అంది.

యూఏటీలో సైనాఫ్ ఇచ్చేసి ప్రొడక్షన్లో బగ్గు అంటారేంటి అని మనం క్లయింటుతో అంటాం చూడండి, అచ్చం అదే. తార్కికంగా తప్పేం లేదు. కానీ ఇక్కడ ప్రొడక్షన్లో ఉన్నది ఒక మనిషి జీవితం. పైగా ఆ సైనాఫ్ ఇచ్చింది అతను కాదు, అతని లాయరు. ఆ ట్రయల్ జరిగేనాటికి సర్టిఫికెట్టు అక్కర్లేదన్నది సుప్రీం కోర్టే!

రెండో వైపు కూడా చూద్దాం. 2010 ఫిబ్రవరిలో వారణాసిలో ఒక హోటల్ గదిలో ఇటలీ యాత్రికుడు చనిపోయాడు. అతనితో ఉన్న ఇద్దరు ఇటలీవాళ్ళకి హత్య కేసులో యావజ్జీవం పడింది, హైకోర్టు కూడా ఖాయం చేసింది. హోటల్లో సీసీ కెమెరాలున్నాయి. ఆ గదిలోకి ఎవరు వెళ్ళారో ఎవరు రాలేదో అవే చెప్పాలి. ఆ ఫుటేజి కోర్టుకి రాలేదు. 2015 జనవరిలో సుప్రీం కోర్టు, ఉన్న మంచి సాక్ష్యాన్ని దాచిపెడితే అది మీకు వ్యతిరేకంగానే ఉందనుకోవాల్సి వస్తుంది అని ఇద్దర్నీ వదిలేసింది. న్యాయం జరిగింది, సంతోషం. దానికి దాదాపు అయిదేళ్ళు పట్టింది. అప్పీలు అన్నది ఆలస్యంగా నడిచే డీబగ్గరు. అది తప్పుని పట్టుకున్నా పోయిన ఏళ్ళని రోల్‌బ్యాక్ చెయ్యలేదు. అందుకే తప్పు జరగకుండా చూసే పద్ధతి సోదా జరిగే చోటే ఉండాలి.

కొత్త చట్టాలొచ్చాయి కదా అంటారా? 2024 జులై 1 నుండి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా, జప్తు మొత్తం వీడియో తియ్యాలి, ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకి పంపాలి. నిజంగా మంచి మార్పు, మెచ్చుకోవాలి. కానీ వీడియో తియ్యకపోతే ఏమవుతుంది? ఆ సెక్షనులో దానికి జవాబు లేదు. ఇఫ్ ఉంది, ఎల్స్ లేదు. ఆ ఎల్స్ ఏమిటో ఇంకో పదిహేనేళ్ళపాటు ఒక్కో అప్పీల్లో ఒక్కో బెంచి రాసుకుంటూ పోవాలి. మళ్ళీ 65బి సినిమాయే.

కొత్త సాక్ష్య అధినియంలో 65బి కాస్తా 63వ సెక్షను అయింది. ఇందులో మనవాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. సర్టిఫికెట్టు నమూనాలో హ్యాష్ విలువ రాయాలి. ఏ అల్గారిదమో టిక్కు పెట్టాలి: షా1, షా256, ఎండీ5, లేదా ఇంకోటి. రెండు భాగాలు. 'ఎ' భాగం ఆ రికార్డు ఇచ్చేవాళ్ళు, 'బి' భాగం నిపుణుడు నింపాలి. చట్టంలో షా256 అనే మాట చూసి నాకు భలే సంతోషమేసింది.

హ్యాష్ అంటే మీకు చెప్పక్కర్లేదు. ఉబుంటు ఐఎస్ఓ దింపుకున్నాక చెక్‌సమ్ సరిచూస్తాం కదా, అదే. ఫైల్లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. జప్తు చేసినప్పటి డిస్కూ, కోర్టుకొచ్చిన డిస్కూ ఒకటేనా అనే ప్రశ్నకి ఇంతకంటే చవకైన, నమ్మకమైన జవాబు లేదు. లక్క సీలు విరగ్గొట్టి మళ్ళీ వెయ్యొచ్చు, హ్యాష్‌ని అలా అతికించలేం.

కానీ మూడు చిక్కులున్నాయి.

మొదటిది, ఎండీ5, షా1 ఇంకా ఎందుకు? ఎండీ5లో ఒకే హ్యాష్ ఉన్న రెండు వేర్వేరు ఫైళ్ళు తయారు చెయ్యొచ్చని 2004లోనే చూపించారు. షా1 మీద 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అదే పని చేసి చూపించారు. నిజమే, అప్పటికే ఉన్న ఒక డిస్కుకి సరిపోయే నకిలీ డిస్కు చెయ్యడం ఇప్పటికీ ఎవరివల్లా కాదు. కానీ పదేళ్ళ తర్వాత అప్పీల్లో ఈ తేడా ఎవరు ఎవరికి వివరించాలి? షా256 ఒక్కటే పెట్టేస్తే గొడవే ఉండదు.

రెండోది అసలు చిక్కు. హ్యాష్ ఎప్పుడు తియ్యాలి? సర్టిఫికెట్టు కోర్టులో సాక్ష్యం దాఖలు చేసేటప్పుడు ఇచ్చేది. ఫోను తీసుకున్నది జనవరిలో, హ్యాష్ తీసింది మార్చిలో అనుకోండి. ఆ హ్యాష్ మార్చి నుండి ఏమీ మారలేదని చెప్తుంది. జనవరి నుండి మార్చి దాకా ఏం జరిగిందో దానికి తెలియదు. జప్తు చేసిన చోటే, లేదా యజమాని ముందే సీలు తీసి హ్యాష్ లెక్కకట్టి, ఆ కాగితం యజమాని చేతిలో పెట్టాలని చట్టం నిర్బంధించట్లేదు. మొదటి కమిట్ లేని రిపాజిటరీలో హిస్టరీ ఎంత పొడుగుంటే ఏం లాభం?

మూడోది, హ్యాష్‌కి కూడా ఒక హద్దుంది. జప్తు తర్వాత మారలేదని చెప్తుందే తప్ప, జప్తుకి ముందు అందులో ఎవరు ఏం పెట్టారో చెప్పదు. భీమా కోరేగావ్ కేసు తెలుసు కదా, మన వరవరరావు గారిని 2018 ఆగస్టులో హైదరాబాదులో అరెస్టు చేసిన కేసు. అందులో ఇంకో నిందితుడి ల్యాప్‌టాప్‌లో మాల్‌వేర్ ద్వారా ఎవరో ఫైళ్ళు పెట్టారని, అది జప్తుకి ముందు చాలా నెలలపాటు సాగిందని, అమెరికాకి చెందిన ఆర్సెనల్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో తేల్చాల్సింది ట్రయల్ కోర్టు, నేను కాదు, ఆ నిందితుల రాజకీయాలు నాకు నచ్చుతాయా లేదా అన్నదీ ఇక్కడ అనవసరం. కానీ అలాంటి వాదన వచ్చినప్పుడు పరీక్షించాలంటే డిస్కు పూర్తి నకలు నిందితుడికి కూడా అందాలి, తనకి నచ్చిన నిపుణుడి చేత చూపించుకునే వీలుండాలి. ఆ నివేదిక రాగలిగిందే నకలు చేతికొచ్చింది కాబట్టి.

అందుచేత, నా ఉద్దేశంలో చెయ్యాల్సినవి ఇవి:

1. ఫోను, ల్యాప్‌టాప్ తీసుకునే ముందు 50వ సెక్షను లాంటి మాట ఒకటి రాతపూర్వకంగా చెప్పాలి. ఏ కేసు, ఏం వెతుకుతున్నారు, ఎవరి అనుమతితో. ప్రాణం మీదకొచ్చే అత్యవసరమైతే తర్వాత మెజిస్ట్రేటుకి కారణం చెప్పుకోవాలి.

2. రోడ్డు మీద ఫోను తెరవకూడదు. ఆన్‌లో ఉన్న ఫోను ప్రతి నిమిషం మారుతూనే ఉంటుంది, చూసిన ప్రతి వేలూ ఏదో ఒకటి మారుస్తుంది. నెట్‌వర్కు అందకుండా చేసి, నంబరున్న సీలు సంచిలో పెట్టి, అదంతా వీడియో తియ్యాలి.

3. ల్యాబులో యజమాని లేదా అతని మనిషి ముందే సీలు తీసి, నకలు తీసి, షా256 లెక్కకట్టి, ఆ కాగితం అక్కడికక్కడే ఇవ్వాలి. ఇన్ని రోజుల్లోపు అని గడువుండాలి. నకలు ఒకటి యజమానికివ్వాలి. పాపం, అతని బతుకంతా అందులోనే ఉంటుంది.

4. ఆ తర్వాత దాన్ని ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో లాగు ఉండాలి.

5. పైవి పాటించకపోతే ఏమవుతుందో చట్టంలోనే రాయాలి. ఇదొక్కటి లేకపోతే మిగతా నాలుగూ సలహాలే.

కర్ణాటక హైకోర్టు 2021లో ఒక కేసులో ఫోను సోదాకి వారంటు ఉండాలని, పరికరాలు ఎలా సీలు చెయ్యాలో కూడా వివరంగా రాసింది. 2023 నవంబరులో పాత్రికేయుల ఫోన్ల విషయంలో సుప్రీం కోర్టు కూడా, మార్గదర్శకాలు తయారు చెయ్యమని కేంద్రాన్ని గట్టిగానే అడిగింది. అంటే నేనడుగుతున్నవి గొంతెమ్మ కోరికలేం కావు.

"అయితే దొంగని వదిలెయ్యమంటావా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పసిపిల్లల మీద అఘాయిత్యం చేసినవాడి ఫోన్లో సాక్ష్యం దొరికి, సీలు సంచి నంబరు తప్పు రాశారని వాణ్ణి వదిలేస్తే నాకూ రక్తం మరుగుతుంది. అందుకే అమెరికా వాళ్ళలా మొత్తం బయట పడెయ్యమని నేననట్లేదు. మధ్యే మార్గం ఒకటుంది. 1983లోనే మన లా కమిషన్ తన 94వ నివేదికలో, అక్రమంగా సంపాదించిన సాక్ష్యాన్ని, తప్పు తీవ్రత, నేరం తీవ్రత, కావాలని చేశారా పొరపాటా అన్నవి చూసి పక్కన పెట్టే అధికారం జడ్జికి ఇవ్వమంది. ఆ మరుసటి ఏడే ఇంగ్లండు తన చట్టంలో అలాంటి అధికారం పెట్టుకుంది. కురుమ సూత్రం కనిపెట్టినవాళ్ళే దాన్ని వదులుకున్నారు, మనం మాత్రం పట్టుకు వేలాడుతున్నాం. 2023లో సాక్ష్య చట్టాన్ని మొత్తం తిరగరాసినప్పుడైనా ఆ సిఫారసుని చేర్చలేదు.

ఇంకో మాట. పద్ధతి గట్టిగా ఉంటే నష్టపోయేది నిజాయితీ లేని పోలీసే. నిజాయితీగా పట్టుకున్న పోలీసుకి హ్యాష్ కాగితం కవచం. "నా ఫోన్లో మీరే పెట్టారు" అని ముద్దాయి అన్నప్పుడు ఆ కాగితమే జవాబు చెప్తుంది. అప్పీల్లో శిక్ష నిలబడుతుంది.

ఇదంతా మనకెందుకు, మనం గంజాయి జోలికి పోం కదా అనుకుంటున్నారా? మీలో సిస్టమ్ అడ్మిన్లు, డేటాబేస్ వాళ్ళు, క్లౌడ్ చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేపు మీ కంపెనీ సర్వర్ లాగులు ఏదో కేసులో అడుగుతారు. 63వ సెక్షను సర్టిఫికెట్టులో 'ఎ' భాగం మీద సంతకం పెట్టాల్సింది మీరే కావచ్చు. సర్వర్ గడియారం సరిగ్గా ఉందా, లాగు ఎవరైనా మార్చే వీలుందా, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడే హ్యాష్ తీశారా అన్నవి చూసుకోకుండా మేనేజరు పంపిన ఫారం మీద గుడ్డిగా సంతకం పెట్టకండి. మీరు పెట్టిన ఆ సంతకం మీద ఎవరో ఒకరు జైలుకి వెళ్తారు, లేదా వెళ్ళాల్సినవాడు బయటికొస్తాడు.

అలాగే ఎప్పుడైనా మీ పరికరమే తీసుకుంటే, గొడవ పడకండి, కానీ జప్తు నివేదిక నకలు అడగండి. అందులో పరికరం సీరియల్ నంబరు, ఐఎంఈఐ, సీలు వివరాలు, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నవి ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి. హ్యాష్ అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని మీ లాయరు చేత మొదటి వాయిదాలోనే రాతపూర్వకంగా కోర్టుకి చెప్పించండి. సోనూ కేసు గుర్తుంది కదా, అప్పుడు అడగనిది తర్వాత అడగనివ్వరు.

1999లో అయిదుగురు జడ్జీలు జేబులో పొట్లం కోసం ఒక గీత గీశారు. అప్పటికి మన జేబుల్లో ఇప్పటిలాంటి ఫోన్లు లేవు. ఇప్పుడున్నాయి. ఆ గీతని ఇంకో అంగుళం జరిపి అదే జేబులో ఉన్న ఫోనుకి కూడా గియ్యమనే నేనడుగుతున్నది. పార్లమెంటు గీస్తే మంచిది, లేదంటే సుప్రీం కోర్టే గియ్యాలి. మీరేమంటారు?